పూసగుచ్చి చెప్పిన జవాబు

అమెరికాలో ఎడ్వర్డ్ కర్టిస్ అనే ఫోటోగ్రాఫరు 1910 ప్రాంతంలో పీగన్ తెగవాళ్ళ గుడారంలో ఒక ఫోటో తీశాడు. తండ్రీ కొడుకూ పక్కపక్కన కూర్చుని ఉంటారు. చుట్టూ వాళ్ళ సామాను, ఇద్దరి మధ్య ఓ గడియారం. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్న మూలప్రతిలో ఆ గడియారం ఇప్పటికీ కనిపిస్తుంది. కర్టిస్ అచ్చువేసిన పుస్తకంలో మాత్రం కనిపించదు. ప్రింటు తయారయ్యేలోపు దాన్ని చెరిపేశారు. 1907 నుంచి 1930 దాకా 20 సంపుటాలుగా వెలువడిన ఆ మహాగ్రంథానికి జె.పి. మోర్గాన్ అనే కోటీశ్వరుడు డబ్బు పెట్టాడు. పీగన్‌ల్లాంటి ఈ జాతులు అంతరించిపోతున్నాయి, పోయేలోగా ఫోటోల్లో పట్టి ఉంచాలి అన్నది కర్టిస్ నమ్మకం. పోయేవాళ్ళ ఇంట్లో టైము చూసుకునే వస్తువు ఉంటే కథ చెడిపోతుంది కాబట్టి గడియారాన్ని తీసేశారు, మనుషుల్ని ఉంచారు. ‘రెడ్ ఇండియన్’ అనగానే మన కళ్ళముందు మెదిలే ఈకల కిరీటం, గుర్రం, దిగులు మొహం అన్నీ ఇలాంటి ఫోటోల్లోంచి సినిమాల్లోకీ బొమ్మల పుస్తకాల్లోకీ దిగి మనదాకా వచ్చినవే. ఆ పేరు కూడా ఇండియా చేరాననుకున్న కొలంబస్ పొరపాటుకు వచ్చిన తోక. వాళ్ళలో చాలామంది తమను తాము తెగ పేరుతోనే చెప్పుకుంటారు. అందరినీ కలిపి చెప్పాల్సిన చోట ఇక్కడ మూలవాసులు అంటాను.

ఇప్పుడు మరో ఫోటో. విస్కాన్సిన్ రాష్ట్రంలోని హో-చంక్ జాతికి చెందిన టామ్ జోన్స్ అక్కడి విశ్వవిద్యాలయంలో ఫోటోగ్రఫీ ఆచార్యుడు. తన జాతివాళ్ళను ఒక్కొక్కరినీ నల్లటి తెర ముందు నిలబెట్టి నిలువెత్తు ఫోటోలు తీస్తాడు. పెద్ద కాగితం మీద ముద్రించాక సూదీ దారం పట్టుకుని కూర్చుంటాడు. మనిషి చుట్టూ ఖాళీగా ఉన్న నలుపు మీద హో-చంక్ పూలతీగలూ జ్యామితి నమూనాలూ గాజుపూసలతో కుట్టుకుంటూ పోతాడు. పూసలు కెమెరా చూసిన వస్తువులు కావు, ఫోటో అయిపోయాక వచ్చినవి. మనిషిని వెన్నంటి ఉండే పూర్వీకులకు అవి గుర్తు. గ్యాలరీలో ఎదురుగా నిలబడితే ఫోటో చదునుగా ఉంటుంది, పూసలు ఉబ్బెత్తుగా మెరుస్తుంటాయి. ఇలాంటి పనిని చూసిన విమర్శకులు చాలామంది ‘సంప్రదాయానికీ ఆధునికతకూ మేళవింపు’ అని రాసి ఊరుకుంటారు. ఆ మాట నాకు బొత్తిగా నచ్చదు. ఫోటో ఆధునికం, పూస పాతకాలం, రెంటినీ కలిపి కుట్టారు అనుకోవడమంటే గడియారం చెరిపిన చూపుతోనే మళ్ళీ చూడటం. నాకు కనిపించేది వేరు. ఈ కళాకారులు పూసను అలంకారానికి వాడటం లేదు. నూట యాభై ఏళ్ళుగా తమ గురించి కెమెరా, చట్టం, పాఠ్యపుస్తకం చెప్పినదానికి జవాబు చెప్పడానికి వాడుతున్నారు. వివరంగా చెప్పడాన్ని ‘పూసగుచ్చినట్టు’ అనే భాష మనది. ఈ సంగతి మనకు ఇట్టే అర్థం కావాలి.

అసలు పూసలే వాళ్ళవి కావు కదా అనే ఆక్షేపణ మొదట వస్తుంది. నిజమే. ఐరోపా ఓడలు రాకముందు ఉత్తర అమెరికా మైదానాల స్త్రీలు ముళ్ళపంది ముళ్ళను నానబెట్టి, రంగులద్ది, చదును చేసి తోలు మీద కుట్టేవారు. తూర్పు తీరంలో గవ్వను అరగదీసి పూసలు చేసేవారు. చిన్న గాజుపూస వెనిస్ పక్కనున్న మురానో దీవి నుంచీ, తర్వాత బొహీమియా నుంచీ వర్తకుల మూటల్లో వచ్చింది. కరిగిన గాజును సన్నటి గొట్టంలా సాగలాగి ముక్కలు కోసే ఆ పద్ధతి లాంటిది వెనిస్‌కన్నా ఎన్నో శతాబ్దాల ముందే దక్షిణ భారతంలో ఉంది. తిరుపతి దగ్గర పాపానాయుడుపేటలో గాజుపూసల పని మన కాలందాకా సాగింది. అయితే పూస ఎక్కడ పుట్టిందన్నది ఒక ప్రశ్న, ఎవరి చేతిలో ఏమైందన్నది ఇంకో ప్రశ్న. మిరపకాయ అమెరికా మూలవాసుల పంట. పోర్చుగీసు ఓడలెక్కి అయిదు వందల ఏళ్ళ కిందట మన దేశంలో దిగింది. అంతమాత్రాన గుంటూరు కారం మనది కాదనీ, ఆవకాయ ‘మేళవింపు వంటకం’ అనీ ఎవరైనా అంటే నవ్వుతాం. వాళ్ళ మిరపకాయను మనం మనది చేసుకున్నట్టే ఐరోపావాళ్ళ పూసను వాళ్ళు తమది చేసుకున్నారు. ముళ్ళతో కుట్టిన నమూనాలు పూసల్లోకి మారాయి, కొత్త రంగులు కొత్త నమూనాలకు దారితీశాయి. తెగతెగకూ వేరే కుట్టు, వేరే రంగుల పొందిక ఏర్పడ్డాయి.

పూసల మీద ఇంకో కట్టుకథ ఉంది. 1626లో డచ్చివాళ్ళు 24 డాలర్ల పూసలిచ్చి మన్‌హట్టన్ దీవిని కొనేశారన్నది అమెరికాలో పిల్లలకు కూడా తెలిసిన కథ. ఆ ఏడు రాసిన డచ్చి ఉత్తరంలో 60 గిల్డర్ల విలువ అన్న మాట ఒక్కటే ఉంది, పూసల ఊసే లేదు. పూసలు 19వ శతాబ్దపు రచయితల చేతుల్లో కథలోకి చేరాయి. గాజుముక్కలకు నేలనిచ్చేసిన అమాయకులు అని చెప్పుకోవడానికి అది బాగా పనికొచ్చింది. జాన్ క్విక్-టు-సీ స్మిత్ అనే సేలిష్ చిత్రకారిణి 1992లో, కొలంబస్ వచ్చి 500 ఏళ్ళయిందని దేశమంతా సంబరాలు చేసుకుంటున్నప్పుడు, ఈ కట్టుకథకు జవాబుగా ఒక పెద్ద చిత్రం వేసింది. కాన్వాసు మీద పత్రికల ముక్కలు, ఫోటోలు అంటించి, రక్తంలా కారే ఎర్రరంగు పూసి, మధ్యలో ఓ పడవ గీసింది. పైన తీగకు చవకబారు పూసల సరుకు, బొమ్మ గొడ్డళ్ళు, మూలవాసుల మొహాలు ముద్రించిన ఆటల జట్ల టోపీలు వేలాడదీసింది. చిత్రం పేరు ‘ట్రేడ్’. ఈ చెత్తంతా తీసుకోండి, మా నేల మాకిచ్చేయండి అన్నది బేరం. ఫోటో, రంగు, పూస మూడూ ఒకే చట్రంలో ఒక వాదం కోసం పనిచేయడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

పూస వాదిస్తుందంటే అతిశయోక్తి అనిపించవచ్చు, అందుకని పని తీరు కొంచెం చూడాలి. మైదాన తెగల కుట్టులో దారానికి ఏడెనిమిది పూసలు ఎక్కించి ఒక వరసగా పరుస్తారు, దాని పక్కనే ఇంకో వరస. అడవి ప్రాంతాల పూలతీగల కుట్టుకు రెండు సూదులు కావాలి. ఒక దారం నిండా పూసలుంటాయి, రెండోది ప్రతి రెండు మూడు పూసలకూ ఒకసారి దాన్ని గుడ్డకు బిగిస్తుంది. అరచేయంత పనికి రోజులు పడతాయి. కెమెరా కన్ను రెప్పపాటులో మూసుకుంటుంది. కర్టిస్ గడియారం చెరిపిన క్షణంతో పోలిస్తే ఫోటోలోని మనిషి దగ్గర నెలల తరబడి కూర్చుని ఒక్కో పూసా పెట్టడం పూర్తిగా వేరే రకం చూపు. పైగా కాగితం గుడ్డలాంటిది కాదు. గుడ్డలో సూది తప్పితే కన్నం పూడిపోతుంది, ఫోటో కాగితంలో తప్పితే ఆ కన్నం అలాగే ఉండిపోతుంది. టామ్ జోన్స్ ప్రతి కుట్టుకూ ఫోటోను పొడవక తప్పదు, పొడిచిన చోట పూసను నిలపక తప్పదు. చేతితో తాకకూడదని మ్యూజియంలు చెప్పే ఫోటో మీద వందల గాట్లు పెట్టడంలోనే ఒక ధిక్కారం ఉంది.

మాంట్రియల్‌కు చెందిన అల్గాంక్విన్ కళాకారిణి నాడియా మైర్ ఈ కుట్టును నేరుగా చట్టం మీద వేసింది. కెనడా ప్రభుత్వం 1876లో తెచ్చిన ‘ఇండియన్ యాక్ట్’ ఎవరు మూలవాసులో, ఎవరు కాదో తేల్చే చట్టం. తర్వాత వాళ్ళ వేడుకలను కూడా అది నిషేధించింది, ఆ నిషేధం 1951 దాకా పోలేదు. మూలవాసి స్త్రీ బయటివాణ్ణి పెళ్ళాడితే ఆమె గుర్తింపే పోయేది, 1985లో గానీ దాన్ని సవరించలేదు. 1999 నుంచి 2002 దాకా మైర్ ఆ చట్టంలోని 56 పుటలను తీసుకుని, అక్షరమున్న చోట తెల్లపూస, అక్షరం లేని చోట ఎర్రపూస కుట్టింది. ఒంటరిగా కాదు, 230 మందికి పైగా వచ్చి ఆ పుటలు పంచుకున్నారు. కొన్ని పుటలు సగంలోనే ఆగిపోయాయి. ఆ పుటల్లో చట్టం ఇప్పుడు చదవడానికి రాదు, వరసలు మాత్రం ఉంటాయి. క్రీ కళాకారిణి రూత్ కట్‌హ్యాండ్ 2009లో ‘ట్రేడింగ్’ అనే వరసలో మశూచి, తట్టు, ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌లను సూక్ష్మదర్శినిలో కనిపించే రూపంలో పూసలతో కుట్టింది. ఐరోపా నుంచి పూసా వచ్చింది, రోగమూ వచ్చింది. దూరం నుంచి చూస్తే మెడలో వేసుకోవాలనిపించేంత అందంగా ఉంటాయవి, దగ్గరికెళ్ళి కింద రాసిన పేరు చదివితే చెయ్యి వెనక్కి తీసుకుంటాం. కేవలం అలంకారమైతే ఇలా వెనక్కి నెట్టదు.

ఫోటో తీసే చేతులు మారినప్పుడు పూస పని ఇంకా లోతుకు వెళ్ళింది. అనిషినాబే కళాకారిణి రెబెకా బెల్మోర్ 2007లో చేసిన ‘ఫ్రింజ్’ ఫోటోలో ఒక స్త్రీ మనకు వీపు పెట్టి పడుకుని ఉంటుంది. భుజం నుంచి నడుము దాకా ఏటవాలుగా ఓ గాయం, కుట్లు వేసి ఉంటుంది. గాయం మేకప్పుతో చేసినది. దాన్నుంచి రక్తపు ధారల్లా ఎర్రపూసల దండలు వేలాడుతుంటాయి. మాంట్రియల్ వీధిలో దాన్ని హోర్డింగుగా పెట్టారు. సబ్బుల ప్రకటనలో పడుకున్న ఆడమనిషిని చూడటానికి అలవాటుపడ్డ కళ్ళు ముందు ఆ భంగిమనే చూస్తాయి, తర్వాత గాయం కనిపిస్తుంది, ఆ తర్వాత అది పూసలని తెలుస్తుంది. నా లెక్కలో ఈ మొత్తం ధోరణిలో దీన్ని మించిన పని లేదు. హంక్‌పాపా లకోటా కళాకారిణి డేనా క్లాక్స్‌టన్ 2018లో మొదలుపెట్టిన ‘హెడ్‌డ్రెస్’ ఫోటోలు దీనికి సరిగ్గా ఎదురు దిశలో నడుస్తాయి. పూసల సంచులు, గొలుసులు, జడబిళ్ళలు తల మీంచీ ముఖం మీంచీ ఛాతీ దాకా దట్టంగా పరిచి, ఆ స్త్రీ ముఖమే కనపడకుండా చేసింది. వెనక నుంచి లైటు వెలిగే పెద్ద పెట్టెలో ఆ ఫోటో ఉంటుంది, ఆమె వాటిని నిప్పుపెట్టెలు అంటుంది. మూలవాసి స్త్రీ ముఖాన్ని తేరిపార చూసి ‘ఎంత సహజంగా ఉంది’ అని మెచ్చుకునే హక్కు ఫోటో చూసేవాడికి ఎప్పుడూ ఉండేది. ఇక్కడ అది దొరకదు. ఆమె చుట్టాల, స్నేహితుల, పేరు తెలియని పనిమంతుల చేతిపని మాత్రం దొరుకుతుంది.

ఇదంతా హస్తకళే తప్ప చిత్రకళ కాదు కదా అనేవాళ్ళకు సిచాంగు లకోటా కళాకారిణి డయానీ వైట్ హాక్ జవాబు చెప్పింది, అదీ మాటల్లో కాదు. ఆమె చిత్రాల్లో కొన్నింటిలో కుంచెతో పెట్టిన సన్నటి నిలువు గీతలే వందలుంటాయి, ఒక్కోటీ ముళ్ళపంది ముల్లంత. 2022లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం ద్వైవార్షిక ప్రదర్శనలో పెట్టిన ‘వోపిలా, లీనియేజ్’ 14 అడుగుల వెడల్పు పని, సహాయకుల బృందంతో కలిసి చేసింది. ఐదు లక్షలకు పైగా గొట్టపు గాజుపూసలు అందులో ఉన్నాయి. వోపిలా అంటే లకోటాలో కృతజ్ఞత. 20వ శతాబ్దం నడుమ న్యూయార్క్ చిత్రకారులు పెద్ద కాన్వాసుల మీద రంగుల పట్టీలు, త్రిభుజాలు వేసినప్పుడు అది అమెరికా సొంతంగా కనిపెట్టిన నైరూప్య కళ అన్నారు. లకోటా స్త్రీలు అంతకు ఎన్నో తరాల ముందే తోలు మీద చేసిన త్రిభుజాలూ పట్టీలూ మాత్రం మానవశాస్త్ర మ్యూజియంలో, కుండల పక్కన, ‘స్త్రీ దుస్తులు’ అన్న చీటీతో ఉండిపోయాయి. ఆ రెండు గదుల మధ్య గోడ ఎవరు కట్టారన్నదే ఆమె ప్రశ్న. ఇదే కళాకారిణి ఆరుగురు మూలవాసి స్త్రీల నిలువెత్తు ఫోటోలతో మరో పని చేసింది. చదివి కొట్టిపారేయడానికి వీల్లేని మాటలు వాళ్ళ టీషర్టుల మీద ఉంటాయి. మెతీ చిత్రకారిణి క్రిస్టీ బెల్కోర్ట్ దారీ ఇదే. మెతీలకు ‘పూలపూసల జనం’ అనే పేరుంది. ఆమె కాన్వాసు మీద పూస లేదు, రంగులో ముంచి అద్దిన వేలాది చుక్కలున్నాయి. 2012లో ఆమె ఇచ్చిన పిలుపుకు స్పందించి, అపహరణకో హత్యకో గురైన మూలవాసి స్త్రీల కోసం 1,700 జతలకు పైగా పూసల చెప్పుల పైభాగాలు కుట్టి పంపారు జనం. అట్ట కుట్టని చెప్పులు, పూర్తికాని బతుకులు. ఆ చెప్పుల్ని నేల మీద వరసగా పేర్చి ఊరూరా 2019 దాకా ప్రదర్శించారు. హస్తకళో, చిత్రకళో తేల్చుకునే ఓపిక అక్కడికొచ్చిన తల్లులకు ఉండి ఉండదు.

ఇక్కడ నా వాదానికే ఒక చిక్కు ఉంది, దాన్ని దాటవేయకూడదు. పూస జవాబు, కెమెరా నేరస్థురాలు అని గీత గీస్తే చరిత్ర ఒప్పుకోదు. విస్కాన్సిన్‌లో బ్లాక్ రివర్ ఫాల్స్ ఊళ్ళో చార్లెస్ వాన్ షేక్ అనే స్టూడియో ఫోటోగ్రాఫరు 1879 నుంచి 1942 దాకా హో-చంక్ కుటుంబాల ఫోటోలు తీశాడు. ప్రభుత్వం వాళ్ళను ఆ నేల నుంచి మళ్ళీమళ్ళీ తరిమేసింది, వాళ్ళు మళ్ళీమళ్ళీ తిరిగొచ్చారు. ఆ ఫోటోలు దిగింది డబ్బిచ్చి, మంచి బట్టలు కట్టుకుని, ఇంట్లో పెట్టుకోవడానికి. వాటిని పేరుపేరునా గుర్తించి పుస్తకంగా తెచ్చిన బృందంలో టామ్ జోన్స్ ఉన్నాడు. ఆఖరికి కర్టిస్ ఫోటోలు కూడా వారసులకు తాత ముఖం చూపించే ఒకే ఒక్క కాగితం కావచ్చు. అప్సాలుకె, అంటే క్రో జాతి కళాకారిణి వెండీ రెడ్ స్టార్ 2014లో చేసింది చూడండి. 1880లో భూముల సంగతి మాట్లాడటానికి వాషింగ్టన్ వెళ్ళిన క్రో పెద్దలకు అక్కడ స్టూడియోలో తీసిన ఫోటోలను ఆమె తీసుకుని, ఎర్ర సిరాతో చుట్టూ రాసింది. జుట్టు ముడికి అర్థమేమిటి, అంగీకి కుట్టిన తెల్ల బొచ్చు దేనికి గుర్తు, ఏ పూసల పట్టీ ఎందుకు, ఎవరి భార్య ఎవరు అని బాణం గుర్తులు వేసి మరీ రాసింది. ఆ ఫోటోల్లో ఒకటి ఒక టీ కంపెనీ సీసాల మీద బొమ్మగా తిరిగింది. ఫోటోను చించేయలేదామె, చదివింది. కాబట్టి జవాబు కెమెరాకు కాదు, చూసేవాడి చదువురానితనానికి అని నా మాటను సరిదిద్దుకుంటున్నాను.

బజారు సంగతి అంత తేలిక కాదు. ఒకప్పుడు ఇలాంటి పనులను పట్టుకుపోయిన మ్యూజియంలు ఇప్పుడు లక్షల డాలర్లు పెట్టి కొంటుంటే ఇందులో ధిక్కారం ఎక్కడుందని అడిగేవాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. నకిలీ ‘ఇండియన్’ పూసలపని ఎంతగా అమ్ముడైందంటే అమెరికా 1990లో దానికోసం చట్టం తెచ్చింది. మొదటి నేరానికే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ళ దాకా జైలు. ఆ చట్టం కళాకారులకు కాపు కాస్తుంది, కానీ ప్రధానంగా తెగల జాబితాలో పేరున్నవాళ్ళకే. ఇంకోవైపు వాలెంటినో అనే ఇటలీ దుస్తుల కంపెనీ 2015లో బెల్కోర్ట్ అనుమతి అడిగి, ఆమె చిత్రాన్ని తన బట్టల మీద వేసింది. ఇలా అడగడం వార్త అయిందంటేనే అడగకపోవడం ఎంత మామూలో తెలుస్తుంది. డబ్బు వచ్చినంత మాత్రాన వాదం చెల్లకుండా పోదని నేను అనుకుంటాను. పస్తులున్న కళాకారుడి మాటే నిజమనుకోవడం కూడా ఒకరకమైన గడియారం చెరపడమే. అయితే ధర పెరిగినకొద్దీ ఆ పని చూసి చదవడం కన్నా కొని గోడకు తగిలించడం సులువవుతుందన్నది నిజం.

మన దగ్గర ఇలాంటి ఫోటోల గుట్టలు తక్కువేం లేవు. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం 1868 నుంచి 1875 దాకా ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ పేరుతో 8 సంపుటాల్లో కులాలనూ తెగలనూ ఫోటోలకెక్కించి, ఒక్కోదాని కింద గుణగణాలు రాసిపెట్టింది. 1940ల్లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఆదిలాబాద్ గోండు గూడేల్లో తీసిన ఫోటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఆయన గోండుల భూముల కోసం నిజాం సర్కారుతో మాట్లాడినవాడు, కర్టిస్‌తో కలపకూడదు. ఐనా ఆ ముఖాల చుట్టూ ఎర్ర సిరాతో రాయగలవాళ్ళు ఆ గూడేల్లోనే ఉన్నారు.

2024లో వెనిస్ ద్వైవార్షిక ప్రదర్శనలో అమెరికా మందిరం మొత్తాన్ని చోక్టా-చెరోకీ కళాకారుడు జెఫ్రీ గిబ్సన్‌కు అప్పగించారు. అమెరికా తరఫున అక్కడ ఒంటరిగా ప్రదర్శన పెట్టిన మొదటి మూలవాసి అతనే. మందిరం లోపల పూసలు తొడిగిన మనుషుల బొమ్మలు, పక్షులు, పదాలు రాసిన రంగుల చిత్రాలు ఉన్నాయి. మురానో దీవి అక్కడికి పడవలో కాసేపటి దూరం. గిబ్సన్ తన చిత్రాల్లో పాత పూసలపనులను, సంచులనూ పట్టీలనూ, వెతికి కొని తెచ్చి అమర్చుతుంటాడు. వాటిని కుట్టినవాళ్ళ పేర్లు అమ్మినవాళ్ళు రాసిపెట్టలేదు.